మోడల్ విమానాలకు కార్బన్, గాజుపోగు గొట్టాలు: ఒకే కొలత గల నాలుగు రకాల పరిశీలన

పర్లాకిమిడిలో ఉంటూ మోడల్ గ్లైడర్లు కట్టుకునేవారికి కార్బన్ గొట్టాన్ని చేత్తో పట్టుకుని, వంచి చూసి కొనే అవకాశం లేదు. మా ఊరి హార్డ్‌వేర్ దుకాణాల్లో పీవీసీ పైపులూ, కర్టెన్లకు వేసే అల్యూమినియం గొట్టాలూ దొరుకుతాయి. అంతకు మించి ఏది కావాలన్నా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసిందే. అక్కడ ఫొటోల్లో గొట్టాలన్నీ నల్లగా ఒకేలా కనిపిస్తాయి. వివరాల్లో వెలుపలి వ్యాసం, లోపలి వ్యాసం, పొడవు తప్ప మరేమీ ఉండదు. ఆ మూడు అంకెలూ ఒకటే అయిన గొట్టాలు కూడా ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ప్రవర్తిస్తాయని రెండు గ్లైడర్లు దెబ్బతిన్న తరువాత నాకు బోధపడింది. అందుకే మూడోదానికి పూనుకునే ముందు 8 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, ఒక మీటరు పొడవు ఉన్న గొట్టాలను వేరువేరు విక్రేతల దగ్గర నాలుగు రకాలు కొని, ఇంట్లో ఉన్న సామానుతోనే పరీక్షించి చూశాను. కట్టబోయేది రెండు మీటర్ల రెక్కల గ్లైడర్ కాబట్టి ఈ పరిశీలన అంతా ఆ అవసరం దృష్టిలో పెట్టుకుని చేసినది.

మొదటిది పల్ట్రూజన్ పద్ధతిలో తయారైన కార్బన్ గొట్టం. కార్బన్ పోగులను రెజిన్‌లో, అంటే ఆరితే గట్టిపడే జిగురు ద్రవంలో తడిపి, వేడి అచ్చు గుండా ఆపకుండా లాగుతూ పోతే రెండోవైపు గట్టిపడిన గొట్టం బయటికి వస్తుంది. లాగడంతోనే తయారయ్యేది కనుక పోగులన్నీ పొడవు వెంబడే సాగి ఉంటాయి. పైపూత ఉండదు, మసక నలుపు, నాలుగింటిలో కార్బన్‌వాటిలోకెల్లా చవక. రెండోది రోల్ ర్యాప్డ్ గొట్టం. రెజిన్ పట్టించిన కార్బన్ పొరలను ఉక్కు కడ్డీకి చుట్టి, పైన వేడికి ముడుచుకునే టేపు బిగించి, ఓవెన్‌లో కాల్చి, చివరికి కడ్డీని లాగేస్తే ఇది వస్తుంది. నేను కొన్నదానికి పైన గళ్ళ నేత, దాని మీద అద్దంలాంటి మెరుపు ఉన్నాయి. ధర మొదటిదానికి రెండున్నర రెట్లు. మూడోది కూడా రోల్ ర్యాప్డే గాని, మెరుపు లేదు, పైన టేపు ఆనవాళ్ళు పోయేలా సన్నగా సానపట్టి వదిలారు; పొడవు పొరలతోపాటు 45 డిగ్రీల వాలులో చుట్టిన పొరలు కూడా ఉన్నాయని విక్రేత అడగగానే చెప్పాడు. నాలుగోది గాజుపోగుతో పల్ట్రూజన్ చేసిన తెల్లటి గొట్టం, అన్నిటికంటే చవక.

పోగు ఏ దిక్కున నడుస్తోందన్నదే ఇక్కడ అసలు విషయం. మా ప్రాంతంలో పెరిగినవారికి దీన్ని వివరించడానికి వెదురును మించిన ఉదాహరణ లేదు. వెదురులో నారలు నిలువునా ఉంటాయి, లోపలివైపు కంటే పైచర్మం దగ్గర మరింత ఒత్తుగా ఉంటాయి. అందుకే అంత తేలికైన బొంగు అంత బరువు మోస్తుంది, అందుకే కత్తి మొన ఒకచోట దిగితే చాలు, బారెడు పొడవునా బద్దగా చీలిపోతుంది. ఆ చీలికను అడ్డుకునేవి కణుపులు. గొట్టం నొక్కుకుపోకుండా లోపలినుంచి పట్టి ఉంచేవీ అవే. పల్ట్రూజన్ గొట్టం కణుపులు లేని వెదురు వంటిది. వంపుకు అది బాగా నిలుస్తుంది, మెలికీ నొక్కుడుకూ నిలవదు.

వంపు పరీక్షకు రెండు బల్లలను 900 మిల్లీమీటర్ల ఎడంగా పెట్టి, వాటి మీద గొట్టాన్ని ఆనించి, సరిగ్గా మధ్యన కిలో బాటు ఒకటి సంచీలో వేసి వేలాడదీశాను. మధ్యభాగం ఎంత కిందికి దిగిందో స్కేలుతో చూడటమే పని. పల్ట్రూజన్ కార్బన్ 9 మిల్లీమీటర్లు దిగింది. మెరుపు గొట్టం దాదాపు 13, సానపట్టిన గొట్టం 14 దాటి, గాజుపోగు గొట్టం 27 మిల్లీమీటర్లు దిగాయి. గాజుపోగు సంగతి ముందే ఊహించదగినది: మామూలు కార్బన్ పోగు స్థితిస్థాపక గుణకం, అంటే సాగకుండా నిలిచే బిగువు, 230 గిగాపాస్కల్స్ చుట్టూ ఉంటే మామూలు గాజుపోగు అయిన ఈ-గ్లాస్‌ది 72 చుట్టూ ఉంటుంది. బరువులో కూడా అది వెనకబడింది. తెలిసినవారి బంగారు దుకాణంలో తూచితే కార్బన్ గొట్టాలు మూడూ 33 నుంచి 35 గ్రాముల మధ్య తూగాయి, గాజుపోగుది 43 గ్రాములు. ఎక్కువ ధర పెట్టిన రోల్ ర్యాప్డ్ గొట్టాలు చవక గొట్టం కంటే ఎక్కువ వంగడం చూసి మోసపోయామని అనుకోనక్కరలేదు. వాటి పోగుల్లో కొంత భాగం అడ్డంగానో వాలుగానో తిరిగి ఉంటుంది గనుక పొడవు వెంబడి పనిచేసేవి ఆ మేరకు తగ్గుతాయి.

మెలి పరీక్ష మాత్రం కళ్ళు తెరిపించింది. గొట్టం ఒక కొసను బల్లకు వైస్‌లో, చెక్క ముక్కల మధ్య బిగించాను. రెండో కొస కిందికి వంగిపోకుండా ఒక చెక్కకు వేసిన రంధ్రంలో వదులుగా తిరిగేలా పెట్టాను. మధ్య స్వేచ్ఛగా ఉన్న పొడవు 800 మిల్లీమీటర్లు. ఆ కొసకు అడ్డంగా 300 మిల్లీమీటర్ల పుల్ల కట్టి, పుల్ల చివర 100 గ్రాముల బరువు తగిలించి, చివర ఎంత దిగిందో మా మేనల్లుడి చేత చదివించాను. పల్ట్రూజన్ కార్బన్‌కు 57 మిల్లీమీటర్లు, గాజుపోగుకు 64. తరువాత మెరుపు గొట్టం పెట్టాం. వాడు స్కేలు వైపు రెండుసార్లు చూసి, "మామయ్యా, ఇది మెరవడం మెరుస్తోంది గాని, మొదటిదానిలాగే మెలిపడుతోంది" అన్నాడు. నిజమే, 51 మిల్లీమీటర్లు. సానపట్టిన గొట్టానికి వచ్చింది 17.

ఈ తేడాకు కారణం పొరల అమరికలో ఉంది. మెరుపు గొట్టాన్ని కొస దగ్గర కోసి, తడిపిన ఉప్పుకాగితం మీద అరగదీసి భూతద్దంతో చూస్తే, లోపల పొడవు పొరలూ వాటికి అడ్డంగా 90 డిగ్రీల పొరలూ మాత్రమే కనిపించాయి. పైన ఉన్న గళ్ళ నేత కూడా నిలువు అడ్డాలలోనే పరచి ఉంది. అడ్డపొర గొట్టాన్ని చీలనివ్వదు, నొక్కుకుపోనివ్వదు, కాని మెలిని ఆపలేదు. మెలిపెట్టినప్పుడు గొట్టం గోడలో లాగుడూ ఒత్తుడూ 45 డిగ్రీల వాలులో పుడతాయి, వాటిని మోయాలంటే పోగులు కూడా ఆ వాలులోనే ఉండాలి. కాబట్టి రోల్ ర్యాప్డ్ అన్న ఒక్క మాట చూసి డబ్బు పెట్టకూడదు. 45 డిగ్రీల పొరలు ఉన్నాయా లేవా అని విక్రేతను అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకుని మరీ కొనాలి. మెరుపు గొట్టం విక్రేతకు ఇదే ప్రశ్న వేస్తే "ఒరిజినల్ 3కే కార్బన్ సార్" అన్నదొక్కటే జవాబుగా వచ్చింది.

ఆ 3కే అన్నమాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కట్టేవారు దాన్ని నాణ్యతకు ముద్రగా తీసుకుంటున్నారు. ఒక పోగు కట్టలో 3,000 సన్నని తంతువులు ఉన్నాయని మాత్రమే దాని అర్థం. 12కే అంటే 12,000 తంతువులు. ఆ తంతువు ఎంత బలమైనదో, ఏ తరగతిదో ఆ అంకె చెప్పదు. తరగతి తెలియాలంటే కార్బన్ పోగు తయారుచేసే టోరే సంస్థ టీ300, టీ700 వంటి పేర్లు చూడాలి. ఆ రెండింటి బిగువు ఒకటే, 230 గిగాపాస్కల్స్, తెగే బలంలో మాత్రం టీ700 చాలా ముందుంటుంది. మన గ్లైడర్లకు ముందుగా కావలసింది బిగువు గనుక, ఆ పేరు కోసం ఎక్కువ ధర పెట్టడంలో నాకు లాభం కనిపించలేదు. గళ్ళ నేత చాలా గొట్టాలకు అందం కోసం పైన వేసే ఒకే ఒక్క పొర. నేతలో పోగు పైకీ కిందికీ మెలికలు తిరుగుతూ పోతుంది కనుక, అదే బరువు గల తిన్నని పొరకన్నా బిగువులో అది కొంత తక్కువే.

నా రెండో గ్లైడర్ తోక ఎలా పోయిందో ఇప్పుడు చెబితే అర్థమవుతుంది. దానికి తోక గొట్టంగా పల్ట్రూజన్ కార్బన్ వాడాను. వరికోతలైన తరువాత మహేంద్రతనయ నది గట్టున ఉన్న పొలంలో ఎగరేస్తున్నప్పుడు, రడ్డర్‌ను, అంటే తోకలో పక్కలకు తిరిగే పలకను, గట్టిగా తిప్పిన ప్రతిసారీ తోక ఒకవైపు మెలిపడి, ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగి వచ్చేది. అది గాలి వల్ల అనుకున్నాను. ఒక సాయంత్రం దిగేటప్పుడు తోక వరిదుబ్బుకు తగిలింది. గొట్టం విరగలేదు. తోక రెక్కను బిగించిన మర రంధ్రం దగ్గర మొదలై ముందుకు జానెడు పొడవునా నిట్టనిలువుగా చీలింది, వేలితో నొక్కితే చీలిక నోరు తెరుచుకుని మూసుకునేది. గట్టిగా లాగితే విరగని గొట్టం, ఒక చిన్న రంధ్రమూ ఒక అడ్డదెబ్బా కలిసేసరికి వెదురు దబ్బలాగే పోయింది.

అందువల్ల తోక గొట్టానికి 45 డిగ్రీల పొరలున్న రోల్ ర్యాప్డ్ గొట్టమే వాడాలన్నది నా స్థిరమైన అభిప్రాయం, ధర రెండింతలైనా సరే. రెక్క లోపల పొడవునా దూలంలా ఉండే స్పార్‌కు పల్ట్రూజన్ గొట్టం చాలు, నిజానికి అదే మేలు. రెక్క మెలిపడకుండా చూసే పని రెక్క పైతొడుగుదీ, పక్కటెముకలదీ గనుక స్పార్ కేవలం వంపును మోస్తే సరిపోతుంది. దానికి కూడా కొసలు రెండూ చీలకుండా జాగ్రత్త పడాలి. కొస దగ్గర ఒక అంగుళం మేర సన్నని గట్టి దారం పక్కపక్కనే ఒత్తుగా చుట్టి, పలచని ఎపాక్సీతో తడిపి ఆరనిస్తే అడ్డపొర మనమే వేసినట్టు అవుతుంది. మర గాని క్లాంపు గాని బిగించే చోట గొట్టం లోపల బాల్సా అనే తేలిక చెక్క గాని మెత్తని టేకు గాని రెండంగుళాల బిరడా అతికించడం వెదురు దగ్గర నేర్చుకోవలసిన పాఠం. కణుపు చేసే పనిని ఆ బిరడా చేస్తుంది.

కొలత ఎంచుకోవడంలో చాలామంది చేసే పొరపాటు గోడ మందం పెంచడం, లేదా గొట్టం బదులు నిండు కడ్డీ కొనడం. వంపుకు నిలిచే బిగువు వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 8 యొక్క నాలుగో ఘాతం 4,096, 6 యొక్క నాలుగో ఘాతం 1,296. తీసివేస్తే 8, 6 గొట్టానికి 2,800 వస్తుంది. 8 మిల్లీమీటర్ల నిండు కడ్డీకి 4,096. అంటే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగింది, బరువు మాత్రం 34 గ్రాముల నుంచి 78 గ్రాములకు చేరింది. అదే గోడ మందంతో 10 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గొట్టం తీసుకుంటే 5,904 వస్తుంది, బరువు మీటరుకు 44 గ్రాములే. పది గ్రాములు అదనంగా మోసి రెండింతలకు పైగా బిగువు సంపాదించాం, నిండు కడ్డీని కూడా దాటిపోయాం. నా తోక గొట్టానికి చివరికి ఎంచుకున్నది ఈ కొలతే. అయితే గోడ మరీ పలచనైతే గొట్టం వంగక ముందే నొక్కుకుపోతుంది కాబట్టి, చేత్తో విసిరే మోడళ్ళకు, అంటే వేళ్ళు గట్టిగా పట్టుకునే వాటికి, అర మిల్లీమీటరు గోడ నాకు చాలలేదు.

గొట్టం చేతికి వచ్చాక కొసల దగ్గర గోడ మందాన్ని నాలుగు వైపులా వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. నాకు వచ్చిన గాజుపోగు గొట్టంలో ఒకవైపు 0.8, ఎదురువైపు 1.2 మిల్లీమీటర్లు ఉంది. అలాంటి గొట్టం ఒక దిక్కున ఒకలా, మరో దిక్కున ఇంకోలా వంగుతుంది. గాజుపలక మీద దొర్లిస్తే వంకర వెంటనే తెలుస్తుంది. నాణెంతో పొడవునా తడుతూ పోతే ఖంగుమనే చప్పుడు ఒకచోట మొద్దుబారిందంటే అక్కడ పొరలు విడిపోయాయని అనుమానించాలి.

గొట్టాలు అమ్మేవారు బిగువు అంకె ఇవ్వకపోవడం నాకు బాధ కలిగించే విషయం. విలువిద్యకు కార్బన్ బాణపు కాడలు అమ్మేవారు ఆ పని చక్కగా చేస్తున్నారు. కాడ మీద 500 అని ఉంటే, 28 అంగుళాల ఎడంలో ఆనించి మధ్యన 880 గ్రాముల బరువు వేలాడదీసినప్పుడు అది 0.500 అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు వంగుతుందని అర్థం. అంకె తగ్గిన కొద్దీ కాడ బిగువు. మీటరు పొడవు అక్కరలేని చిన్న మోడళ్ళ తోకలకు ఈ కాడలు మంచివి. నేను రెండు వాడాను, రెండూ తిన్నగా ఉన్నాయి, చెప్పిన అంకెకు దగ్గరగానే వంగాయి.

కోత విషయంలో మా ఊరి కొమ్ము పనివారి దగ్గర నేర్చుకున్నది చాలా ఉపయోగపడింది. కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చెక్కే పెద్దాయన ఒకరు నా గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, గోటితో కొస గీకి చూసి, "మాస్టారూ, దీన్ని కొయ్యకూడదండీ, అరగదియ్యాల" అన్నారు. అదే పద్ధతి. కోయవలసిన చోట మాస్కింగ్ టేపు చుట్టి, సన్నపళ్ళ హాక్సా బ్లేడుతో ఒకే చోట దిగిపోకుండా గొట్టాన్ని తిప్పుతూ చుట్టూ గాడి పెట్టి, ఆ గాడిని కొద్దికొద్దిగా లోతు చేస్తూ పోవాలి. చివరి పోగులు రెండు మూడు మిగిలినప్పుడు విరిచేయాలనిపిస్తుంది; విరిస్తే పేడు లేచి అంగుళం వెనక్కి చీలుతుంది. పని అంతా తడి మీద చేయాలి. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎన్95 మాస్కు లేకుండా, పిల్లలు దగ్గరుండగా ఈ పని పెట్టుకోవద్దు. ఆ ధూళి విద్యుత్తును ప్రసారం చేస్తుంది కనుక రిసీవర్లూ స్పీడ్ కంట్రోలర్లూ ఉన్న బల్ల మీద కూడా వద్దు.

అతికింపులో గొట్టం కంటే జిగురే ముందు ఓడిపోతుంది. అచ్చు నుంచి వచ్చిన నున్నని ఉపరితలం మీద జిగురు పట్టదు. 220 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ వాడాలి. మే నెలలో ఎండలో మేడ మీద గంటసేపు వదిలిన గ్లైడర్‌కు తోక రెక్క అతుకు మెత్తబడి పక్కకు ఒరిగిపోయింది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి, నల్లటి గొట్టం మన వేసవి ఎండలో ఆ వేడిని తేలికగా అందుకుంటుంది. ఇప్పుడు తోక అతుకుల మీద తెల్లని టేపు చుడుతున్నాను.

గాజుపోగు గొట్టాన్ని పనికిరానిదని తీసిపారేయలేదు. రెక్కలు రెండింటినీ కలిపే కార్బన్ జాయినర్‌కు తొడుగుగా అది చక్కగా అమరింది. అంతకుముందు అట్టగొట్టం వాడితే వానాకాలం చెమ్మకు ఉబ్బి జాయినర్‌ను పట్టేసేది. తొడుగు లోపలి వ్యాసం జాయినర్ కంటే మిల్లీమీటరులో పదో వంతు నుంచి పదింట రెండు వంతుల దాకా ఎక్కువ ఉండాలి. 8 మిల్లీమీటర్ల గొట్టం 8 మిల్లీమీటర్ల తొడుగులో దూరదు, దూర్చితే రాదు. ముక్కు భాగంలో రిసీవర్ ఉండే చోట కూడా గాజుపోగే వాడాను. కార్బన్ 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని అడ్డుకుంటుంది, గాజు అడ్డుకోదు. కార్బన్ తప్పనిసరైతే ఏంటెన్నా తీగ రెండు కొసలనూ బయటికి తీసి ఉంచాలి.

మిగిలినది రవాణా. నాలుగింటిలో రెండు గొట్టాలు పలచని అట్టపెట్టెలో వచ్చాయి. మెరుపు గొట్టం పెట్టె మధ్యలో మడతపడి ఉంది, తీసి చూస్తే గొట్టం గోడలో వెంట్రుకంత పగులు. విక్రేత మారుగొట్టం పంపడానికి మూడు వారాలు తీసుకున్నాడు. సానపట్టిన గొట్టం పంపిన విక్రేత మాత్రం దాన్ని పీవీసీ పైపులో పెట్టి, కొసలకు గుడ్డ కుక్కి, రెండువైపులా మూతలు బిగించి పంపాడు, దాని మీద ఒక్క గీత లేదు. ఇప్పుడు ఎవరి దగ్గర కొన్నా పీవీసీ పైపు ఖర్చు విడిగా ఇస్తానని ముందే రాస్తున్నాను. 10, 8 కొలతలో తోక గొట్టం రెండోసారి ఆ విక్రేత దగ్గరే తెప్పించాను. అది వచ్చిన పైపు ఇప్పుడు మిగిలిన గొట్టాలన్నిటికీ అటక మీద ఒరగా నిలిచింది.